కొండ మీద పొగ

నా దగ్గరికి ఎవరొచ్చినా ఏదో ఒకటి విప్పి రావాల్సిందే. వాచీ, బెల్టు, సెల్లు అంటే సరే, లాకర్లో పడేస్తారు. పుస్తెల దగ్గరికొచ్చేసరికి చేతులు ఆడవు. మెడలో పసుపుతాడు ఒక్కటీ ఉంచుకుని, పుస్తెలు అత్తగారి చేతిలో పెట్టి, వెనక్కి చూసుకుంటూ వస్తారు. ముప్పై ఏళ్ళుగా కదలని ముక్కుపుడక కోసం ఆయమ్మ సబ్బునీళ్ళు పట్టుకొస్తుంది. ఇంత తతంగం ఎందుకంటే, నేను 3 టెస్లాల ఎమ్మారై యంత్రాన్ని. ఈ హైదరాబాదులో భూమికున్న అయస్కాంత బలానికి అరవై డెబ్బై వేల రెట్లు నాది. నా తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. రాత్రిళ్ళు ఆస్పత్రి అంతా పడుకున్నా నా శీతలయంత్రం మాత్రం బల్లిలా చిక్ చిక్ మంటూనే ఉంటుంది. నన్ను ఆపేశారనుకుని ఒకసారి ఎవరో ఇనుప స్టూలు లోపలికి తెచ్చారు. అది ఎగిరొచ్చి నా నోట్లో ఇరుక్కుంది. ఆ ముచ్చట ఇక్కడితో వదిలేద్దాం.

నా గురించి జనం అనుకునేదొకటి, నేను చేసేదొకటి. లోపలున్నదంతా ఫోటో తీస్తానని అనుకుంటారు. నాకు కనిపించేది ఎక్కువగా నీళ్ళే. నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్‌ను రేడియో తరంగంతో కాస్త కదిలించి, అది మళ్ళీ కుదురుకునేటప్పుడు చేసే సద్దు వింటాను, అంతే. బోరు లారీ పక్కన పడుకున్నట్టుందని మీరు తిట్టుకునే ఆ మోత నా వినికిడి కోసమే. అలాంటి నన్ను పట్టుకుని ఈమధ్య డాక్టర్లు జన్యువుల సంగతి అడుగుతున్నారు. ఏ జన్యువు చెడింది, ఏది నోరు మూసుకుంది అని. జన్యువును నేను ఏనాడూ చూడలేదు, చూడలేను కూడా.

ఆ రోజు వచ్చినాయన ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. 36 ఏళ్ళు. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయాడట. వెంట భార్య, తండ్రి. తండ్రి ప్రాచ్య కళాశాలలో తర్కం చెప్పి రిటైరైన మాస్టారు. కొడుకు నాలో పడుకున్నాక టెక్నీషియన్ మైకు బటను నొక్కి మరిచిపోయాడు. అందుకే కన్సోల్ గదిలో మాటలన్నీ నాకు వినబడ్డాయి.

ముందు టీ2 అనే వరస తీశాను. నుదుటి వెనక, ఎడమ పక్కన, కోడిగుడ్డంత గడ్డ. మొత్తం ఒకటే తెలుపు, సున్నం కొట్టిన గోడలాగ. తర్వాత ఫ్లెయిర్. ఇందులో స్వేచ్ఛగా నిలిచిన నీటి సద్దును కావాలనే అణిచేస్తాను. అదే గడ్డ ఈసారి లోపలంతా నల్లబడింది. చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలింది, నల్లచీరకు తెల్లంచు వేసినట్టు.

రేడియాలజిస్టమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గడ్డ ఏ జాతిదో ముక్క కోయకుండానే చెప్పొచ్చా అమ్మా?" అన్నారు మాస్టారు.

"చాలావరకు చెప్పొచ్చు మాస్టారూ. ఇప్పటికి అనుమానమే అనుకోండి."

"మీరు ఆ మాట తేలిగ్గా అనేశారు. తెలుగులో అనుమానమంటే సందేహం. మా శాస్త్రంలో అది ప్రమాణం. కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పడం. అన్నంభట్టు మనవాడే, తర్కసంగ్రహంలో అనుమానానికి ఇచ్చే ఉదాహరణ అదే. వంటింట్లో చూశాం, పొగ ఉన్నచోట నిప్పుంది. కనక కొండ మీదా ఉంది."

నాకు ఒళ్ళు పులకరించింది. ఒళ్ళంటే ఫైబరూ, రాగీ, హీలియమే అనుకోండి. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని పేరు ఎవరో చెప్పినట్టయింది.

ఆ కొండ కథ ఇది. మెదడు గడ్డల్లో ఐడీహెచ్ అనే జన్యువు చెడి ఉండొచ్చని 2008లో బయటపడింది. సాధారణంగా చెడేది ఒకే చోట, 132వ గడిలో. ఆర్జినిన్ ఉండాల్సిన చోట ఎక్కువసార్లు హిస్టిడిన్ వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క మార్పుతో ఎంజైము దారి తప్పి 2-హైడ్రాక్సీ గ్లుటరేట్ అనే పదార్థాన్ని కుప్పలు పోస్తుంది. మామూలు మెదడులో అది లేనట్టే లెక్క. ఆ కుప్ప చేసే అన్యాయం ఏమిటంటే, డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను చెరిపే పనివాళ్ళ చేతులు కట్టేస్తుంది. గుర్తులు పేరుకుంటాయి, ఎన్నో జన్యువుల పని తారుమారవుతుంది. జన్యువు చెడితే రోగి ఎక్కువ కాలం బతుకుతాడనేది ఇందులో విడ్డూరం. ఐడీహెచ్ చెడిన గడ్డ, చెడని గడ్డకన్నా నెమ్మది. అందుకే తెలుసుకోవాలని అంత ఆత్రం. 2024లో అమెరికాలో ఈ మార్పు ఉన్న నెమ్మది గడ్డలకు వొరాసిడెనిబ్ అనే మాత్రకు అనుమతి కూడా వచ్చింది.

నల్లచీర తెల్లంచు గుర్తు విలువను 2017లో 125 మంది స్కాన్లు తిరగేసి చెప్పారు. గుర్తు కనిపించిన ప్రతి గడ్డలోనూ ఐడీహెచ్ చెడి ఉంది, 1పీ, 19క్యూ అనే క్రోమోజోము ముక్కలు రెండూ ఒకేసారి ఊడిపోలేదు. తర్వాత అడపాదడపా తప్పిన కేసులూ రాశారు, ముఖ్యంగా పిల్లల్లో. అయినా పెద్దవాళ్ళలో నమ్మదగిన పొగే.

రేడియాలజిస్టమ్మ అంతటితో ఆగలేదు. "స్పెక్ట్రోస్కోపీ కూడా పెట్టండి" అంది. ఇది చూపు కాదు, వాసన పట్టడం. గడ్డలో అగ్గిపెట్టె అంత చోటు ఎంచుకుని అక్కడి రసాయనాల సద్దు విడివిడిగా వినాలి. 2-హైడ్రాక్సీ గ్లుటరేట్ గొంతు 2.25 పీపీఎం దగ్గర పలుకుతుంది. పక్కనే గ్లుటమేటూ, గ్లుటమినూ సంతలో అరిచినట్టు అరుస్తుంటాయి. 2012లో టెక్సాస్ వాళ్ళు 30 మంది రోగుల్లో దాన్ని విడదీసి విని చూపించారు. మొదటి ప్రయత్నం నేను పాడుచేశాను. ఆయన గుటక మింగాడు, నెత్తిమీది కొవ్వు సద్దు వచ్చి మీదపడింది. రెండోసారి చిన్న మెట్ట ఒకటి లేచింది. అది మెట్టో, నా భ్రమో ఒట్టేసి చెప్పలేను. అమ్మ మాత్రం తలూపింది.

నన్ను మించిన ఆశలూ పెట్టుకున్నారు కొందరు. ఎంజీఎంటీ అనే జన్యువు మూగబోతే టెమోజోలమైడ్ మందు బాగా పనిచేస్తుంది. అది మూగబోయిందో లేదో నా బొమ్మల్నిబట్టి కంప్యూటర్లతో చెప్పించాలని 2021లో ప్రపంచ పోటీ పెట్టారు. గెలిచిన వాళ్ళ మార్కు 0.62. బొమ్మా బొరుసా వేస్తే 0.5 వస్తుంది. పొగే లేని చోట ఎంత తెలివైన కన్నయినా ఏం చేస్తుంది?

నా జాతివాళ్ళే మరో దారి పట్టారని విన్నాను. 2022లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పందిపిల్లలకు మిథియొనిన్ కలిపిన మేత పెట్టారు. అందులోని కార్బన్ మామూలుది కాదు, నాలాంటి వాళ్ళకు వినబడే కార్బన్-13. శరీరం ఆ మిథియొనిన్‌లోని మిథైల్‌నే తీసుకెళ్ళి మెదడు డీఎన్‌ఏకు తగిలిస్తుంది. అప్పుడు ఆ గుర్తులే నేరుగా పలుకుతాయి. అసూయగా ఉంది. నా రోగులు తినొచ్చేది ఇడ్లీ.

"అయితే అమ్మా, ఆ గుర్తు లేకపోతే జన్యువు బాగున్నట్టేనా?" మాస్టారు మళ్ళీ మొదలెట్టారు.

"కాదండీ. చెడిన వాటిల్లోనూ చాలావాటికి గుర్తు ఉండదు."

"అంతే మరి! పొగ ఉంటే నిప్పుంది. పొగ లేకపోతే నిప్పు లేదనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండుంది, నిప్పే, పొగేదీ? పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఆపరేషనయ్యాక ల్యాబు నుంచి కబురొచ్చింది. ముక్కకు రంగు వేస్తే కణాలు గోధుమరంగుకు తిరిగాయి, ఐడీహెచ్ చెడి ఉంది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడే ఆ మాట విన్నారు. "మామయ్యగారూ, కూర్చోండి" అంటూ కోడలు కుర్చీ జరిపింది. అది మంచి వార్తో చెడ్డ వార్తో తేల్చుకోలేక నిలబడ్డట్టున్నారు.

పోయిన వారం ఇంకొకామె వచ్చింది. ఇంచుమించు అదే వయసు, అదే చోట గడ్డ. టీ2లో తెలుపు, ఫ్లెయిర్‌లోనూ తెలుపే. నల్లచీరా లేదు, అంచూ లేదు. అమ్మ రిపోర్టు చెబుతూ చెబుతూ ఆగి, తనలో తనే "కాలిన ఇనుపగుండు కూడా అయుండొచ్చు" అంది.

టెక్నీషియన్ ఉలిక్కిపడి లేచాడు. "ఇనుమా మేడమ్? అన్నీ తీయించానే!" అంటూ నా గదిలోకి ఒక్క పరుగున వచ్చి, ఆమె జడపిన్నులు వెతకడం మొదలెట్టాడు.