డేటా కరణంగారు

ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణాల పదవులు రద్దు చేసింది గానీ, కరణం బుద్ధిని రద్దు చేయడం ఎవరి తరం? అదిప్పుడు వైఫై ఉన్న ఇంట్లో, హాల్లో పడక్కుర్చీ మీద కొలువుదీరింది. డేటా కరణంగారు కనెక్షన్ తీసుకోబోయే ముందు మూడు కంపెనీల ప్లాన్లనూ పాత డైరీలో గళ్లు గీసి రాసుకుంటారు. తీసుకున్నాక రోజూ కాఫీ కన్నా ముందు యాప్ తెరిచి, "అమ్మాయ్, రాత్రి పదమూడు జీబీ ఎటు పోయింది?" అని కూతుర్ని నిలదీస్తారు. పడుకోబోతూ గ్యాస్ కట్టేసి, వీధి తలుపు గడియ వేసి, రౌటర్ స్విచ్ కూడా ఆపేస్తారు. తెల్లవార్లూ కొళాయి కారినట్టు డేటా కారిపోతుందేమోనని బెంగ.

ఆయన్ని పిసినారి అనడం అన్యాయం. పిసినారికి మిగిలేది డబ్బు. ఈయనకు మిగిలేది అంకె మాత్రమే, అదీ నెలాఖరుకు సున్నా అయి మళ్లీ మొదలవుతుంది. మన ఊళ్లలో అన్‌లిమిటెడ్ పేరుతో అమ్మే చాలా ప్లాన్లకు నెలకు 3300 జీబీ హద్దు ఉంటుంది. హెచ్‌డీ సినిమాకు గంటకు 3 జీబీ వేసుకుందాం. టీవీ 30 రోజులూ రాత్రింబవళ్లు ఆడినా 2160 దగ్గర ఆగుతుంది. నెల అయిపోతుంది గానీ డేటా అయిపోదు. ఇంట్లో నలుగురున్నారు కదా అంటారా? నలుగురూ తలో తెర పట్టుకుని రోజుకు ఐదేసి గంటలు చూసినా 1800 జీబీయే. మరెందుకీ కాపలా? పావు రేటు కోసం రాత్రి పొద్దుపోయేదాకా ఎస్‌టీడీ బూత్ ముందు నిలబడ్డ తరం అది. మిస్డ్ కాల్‌తో క్షేమసమాచారాలు నడిపిన తరం. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా డౌన్‌లోడ్ ఉచితమంటే అలారం పెట్టుకుని లేచిన తరం. కరువు పోయింది, కాటకం నాటి చెయ్యి మాత్రం ఇంకా పిడికిలి విప్పలేదు.

అలాగని ఆయన లెక్కలన్నీ వృథా కాదు. ప్రకటనలో 399 అని ఉన్నది 18 శాతం జీఎస్టీతో దాదాపు 471 అవుతుందని కొనకముందే పట్టేది ఆయనే. ఆరు నెలల అడ్వాన్సు ఎందుకని కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాణ్ణి నిలబెట్టి అడిగేదీ ఆయనే. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లోనైతే ఆయన చెప్పిందే వేదం. చిక్కల్లా, తూకం తప్పు సరుకుకు వేయడంలోనే ఉంది. ఎంత ఇస్తారని అడుగుతారు గానీ ఎంత వేగంగా వస్తుందని అడగరు. 100 ఎంబీపీఎస్ అన్నారు, 100 ఎంబీ సినిమా సెకనులో దిగలేదేమని కస్టమర్ కేర్‌తో తగువు పడతారు. అక్కడ చెప్పేది బిట్లు, మనం దింపుకునేది బైట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ. అదైనా పడగ్గదికి చేరాలి కదా? రౌటరేమో దుమ్ము పడకుండా టీవీ వెనక ఇనప బీరువాలో భద్రంగా ఉంది, మధ్యలో రెండు గోడలు. సిగ్నల్ అందక వీడియో గిర్రున తిరుగుతుంటే, స్పీడు చాలట్లేదని ఆయనే వెళ్లి ఇంకా ఖరీదైన ప్లానుకు మారతారు. రాత్రిళ్లు స్విచ్ ఆపి కూడబెట్టిందంతా అలా నెలనెలా బిల్లులో కట్టేస్తారు.

కరణంగారూ, ఆ డబ్బాను బీరువాలోంచి తీసి ఇంటి నడిమధ్యన, కాస్త ఎత్తులో పెట్టించండి. దానికి జీఎస్టీ లేదు.