ఏకపాస్‌వర్డ్ వ్రతుడు

రాముడిది ఒకటే మాట, ఒకటే బాణం, ఒకటే పత్ని అంటారు. మా బాబాయిగారు ఆ వరసకి నాలుగోది కలిపారు: ఒకటే పాస్‌వర్డు. ఫేస్‌బుక్కుకీ అదే, బ్యాంకుకీ అదే, రైలు టిక్కెట్లకీ అదే, కరెంటు బిల్లుకీ అదే, ఇంట్లో వైఫైకీ అదే. మొదటి మెయిలు ఐడీ పెట్టించుకున్న నాడు పుట్టిన ఆ పాస్‌వర్డుకి ఇప్పుడు పెళ్లీడు వచ్చింది. పెద్దమ్మాయి పేరు, ఒక ఎట్ ది రేట్ గుర్తు, ఆ అమ్మాయి పుట్టిన సంవత్సరం. అంతే. అమ్మాయి డల్లాస్‌లో కాపురం చేసుకుంటోంది. ఇక్కడ ఆవిడ పేరు చెప్పుకుని ఓ పాతిక ఖాతాలు బతుకుతున్నాయి.

బాబాయిగారని నేనొక్కణ్నే కాదు, కాలనీ అంతా పిలుస్తుంది. మీ వీధిలోనూ ఒకరుంటారు. మావయ్యగారో, మాస్టారో, పేరు మారుతుంది. గుర్తుపట్టడం తేలిక. ఇంటికి రెండు తాళాలు, గేటుకి ఒకటి, స్కూటరుకి హ్యాండిల్ లాకు కాక చక్రానికో గొలుసు. ఊరెళ్లేటప్పుడు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తారు, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతారు. అంతటి మనిషీ జిరాక్స్ షాపు కుర్రాడు "సార్, పాస్‌వర్డ్?" అనగానే, వెనక నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా స్పెల్లింగుతో సహా అప్పజెప్తారు. "మొదటి అక్షరం పెద్దది నాయనా, మర్చిపోకు" అని జాగ్రత్త కూడా చెప్తారు.

ఆయన పాస్‌వర్డులు డైరీలో రాసుకుంటారని కాలనీ పిల్లలు వెక్కిరిస్తారు. ఈ విషయంలో నేను బాబాయిగారి పక్షం. బీరువాలో ఉన్న డైరీని ఏ దేశంలోనో కూర్చున్న దొంగ చదవలేడు. పది ఖాతాలకి పది వేరు వేరు పాస్‌వర్డులు పెట్టి డైరీలో రాసుకోవడం, ఒక్కటే పెట్టుకుని బుర్రలో దాచుకోవడం కన్నా నయం. కాకపోతే బాబాయిగారి డైరీలో మొదటి వరసలో పాస్‌వర్డు ఉంటుంది, ఆ కింద పేజీ చివరిదాకా "పైదే, పైదే, పైదే" అని ఉంటుంది.

ఓ రోజు ఆయనకి ఇంగ్లీషులో ఒక మెయిలు వచ్చింది. సబ్జెక్టు దగ్గరే ఆయన పాస్‌వర్డు, ఎట్ ది రేట్‌తో సహా. లోపల విషయం ఇదీ: నీ కంప్యూటరు కెమెరా మా చేతిలో ఉంది, చూడకూడనివి చూస్తుండగా నిన్ను వీడియో తీశాం, బిట్‌కాయిన్లు పంపకపోతే నీకు తెలిసినవాళ్లందరికీ పంపిస్తాం. బాబాయిగారి కంప్యూటరుకి కెమెరా లేదు. ఉన్నా దానిమీద పిన్నిగారు కుట్టిన పువ్వుల గుడ్డ కప్పి ఉంటుంది. అందులో ఆయన చూసేవి రైలు టైములు, పెన్షను స్లిప్పులు, పాత పౌరాణికాలు. అయినా సరే, రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సందు మొదట్లో నన్ను పట్టుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమోయ్, ఈ బిట్‌కాయిన్లు మన బ్యాంకులో ఇస్తారా?"

2018 నుంచి ప్రపంచమంతా తిరుగుతున్న ఉత్తరమే అది, మక్కీకి మక్కీ. వీడియో లేదు, కెమెరా లేదు. నిజం ఒక్కటే, ఆ పాస్‌వర్డు. ఎక్కణ్నుంచో లీకైన జాబితాలో మెయిలు, పాస్‌వర్డు జతగా దొరుకుతాయి. ఆ జత తెచ్చి ఉత్తరం నెత్తిన పెడితే చదివినవాడు మిగతాది కూడా నిజమే అనుకుంటాడు. ఈ మాట చెప్తే బాబాయిగారి ముఖంలో రంగు తిరిగొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

"నామీద ఎవడో పగబట్టాడోయ్. పైవాటాలో అద్దెకుండే సాఫ్ట్‌వేరువాడిమీదే నా అనుమానం."

ఈ జాతి మనిషికి లీకంటే వ్యక్తిగత విరోధం. తనమీద ఎవరికీ పగ లేదంటే కాస్త చిన్నబుచ్చుకుంటారు కూడా. దొంగకి బాబాయిగారెవరో తెలీదు. కోట్ల జతలున్న జాబితాని ఒక ప్రోగ్రాముకి మేపి వదిలేస్తాడు. అది ఒక్కో జతనీ మెయిల్లో, షాపుల్లో, ఫేస్‌బుక్కులో పెట్టి చూసుకుంటూ పోతుంది. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ గుర్తు పెట్టుకుంటుంది. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడ్డాయి. గిలక్కొట్టి దాచాల్సినవాటిని వాళ్లు ఉన్నవి ఉన్నట్టే రాసిపెట్టుకున్నారు. అందులో ఎక్కువమంది పెట్టుకున్న పాస్‌వర్డు 123456. ఆ మాట చెప్తే బాబాయిగారు "మరీ అంత తెలివితక్కువతనమా!" అని నవ్వారు. వాళ్ల బీరువాలోని సూట్‌కేసు నంబరు 000 అని పిన్నిగారు లోపల్నుంచి అన్నారు.

పాతదేగా, ఎప్పటిదో కదా అనే ధీమా కూడా ఈ జాతికి ఉంటుంది. లింక్డిన్ నుంచి 2012లో పోయిన పాస్‌వర్డులు 2016లో అమ్మకానికొచ్చాయి. ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాల్లోకి ఆ ఏడాదే హ్యాకర్లు దూరారు. లింక్డిన్‌లో ఆయన పాస్‌వర్డు "దాదాదా" అని వాళ్లే చాటుకున్నారు. ఇది భయం పుట్టించడానికి చెప్పాను. తీరా బాబాయిగారికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "చూశావా! అంతటివాడే ఒకటే పెట్టుకున్నాడు. పైగా నాదానికి ఎట్ ది రేట్ కూడా ఉంది."

ఆ సాయంత్రమే ఆయన పాస్‌వర్డు మార్చేశారు. చివర ఒకటి చేర్చారు. అదీ బ్యాంకుకి మాత్రమే. ఈ విద్య ఆఫీసులో నేర్చుకున్నది. మూడు నెలలకోసారి మార్చి తీరాలని కంప్యూటర్ సెక్షను హుకుం జారీ చేస్తే, స్టాఫంతా చివర ఒకటి, రెండు, మూడు చేర్చుకుంటూ రిటైరయ్యారు. ఇలా ఊరికే మార్పించి లాభం లేదని, లీకైనట్టు తెలిసినప్పుడు మాత్రం మార్చి తీరాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో తేల్చి చెప్పింది. చివర ఒకటి చేర్చి చూడటం దొంగల ప్రోగ్రాములకీ వచ్చు.

ఫేస్‌బుక్కు పాస్‌వర్డు మాత్రం పాతదే ఉంది. వారం తిరక్కుండా బాబాయిగారి పేరుతో అందరికీ మెసేజిలు వెళ్లాయి: అర్జెంటుగా ఐదువేలు కావాలి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాను. ఆయన అప్పడిగారంటే కాలనీ నమ్మేదే. సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాననడంతో అందరికీ అనుమానం వచ్చింది. నమ్మింది ఒక్క బావమరిదే, వెంటనే పంపించేశాడు. ఆ గంటలోనే అతనిచేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించాం, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించాం. ఇలాంటి డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకోదానికి పాకిపోయేలోపే పట్టుకోవాలి కాబట్టి, ఎంత త్వరగా చెబితే దొరికే ఆశ అంత. బావమరిది మాత్రం ఆ ఐదువేలూ బాబాయిగారి పద్దులోనే రాసుకున్నాడు.

అప్పుడు కూర్చోబెట్టాం ఆయన్ని. ముందు మెయిలు మార్చుదామంటే ఒప్పుకోరు. "మెయిల్లో ఏముందోయ్, చీరల ఆఫర్లు తప్ప! ముందు బ్యాంకు చూడు." అందరూ చేసే పొరపాటే ఇది. ఎక్కడైనా సరే "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అని నొక్కితే కొత్తది పెట్టుకోవడానికి లింకు వచ్చేది ఆ మెయిలుకే. మెయిలు చేజిక్కించుకున్నవాడు మిగతావి దొంగిలించక్కర్లేదు, అవే నడిచొస్తాయి. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే బాబాయిగారి మెయిలు సత్రంలా ఉంది. ఎక్స్చేంజిలో ఇచ్చేసిన ఫోను, ఇంటర్నెట్ సెంటరు కంప్యూటరు, డల్లాస్ మనవడి ట్యాబు, అన్నీ లోపలే ఉన్నాయి. అందర్నీ ఒక్క నొక్కుతో బయటికి పంపాం. రికవరీ నంబరుగా ఉన్నది ఆయన ఏనాడో వదిలేసిన సిమ్ము. వదిలేసిన నంబర్లని కంపెనీలు ఇంకొకళ్లకిస్తాయి; అంటే బాబాయిగారి మెయిలుకి కోడు వస్తే, అది అందుకునేది ముక్కూ మొహం తెలియని మనిషి. అది తీసేసి ఇప్పటి నంబరు పెట్టాం. వచ్చిన మెయిళ్లు ఎవరికైనా చాటుగా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూశాం. దొంగ వెళ్తూ వెళ్తూ అలాంటి కిటికీ తెరిచిపెట్టి పోతాడు. ఆపైన రెండంచెల రక్షణ. పాస్‌వర్డు తెలిసినా ఫోన్లో వచ్చే కోడు లేనిదే తెరుచుకోదు. ఎస్సెమ్మెస్ కన్నా అథెంటికేటర్ యాప్ మేలన్నాను. "ఆ పేరు నాకు నోరు తిరగదు" అన్నారు. సర్లే, ఎస్సెమ్మెస్ అయినా ఏమీ లేనిదానికన్నా లక్ష నయం. వాట్సాప్‌కి కూడా ఆరంకెల పిన్ను పెట్టించాం.

భద్రతా ప్రశ్న దగ్గర బండి ఆగింది. "మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు?" ఈ ప్రశ్న కనిపెట్టిన మహానుభావుడు తెలుగు పెళ్లికి ఎప్పుడూ వచ్చి ఉండడు. మన దగ్గర అమ్మ పుట్టింటి ఇంటిపేరు సంబంధాల పేరయ్యకి తెలుసు, మేనమామలు పెట్టే బట్టలు అందుకున్న ప్రతివాడికీ తెలుసు. అక్కడ అబద్ధం రాసి, ఆ అబద్ధాన్ని డైరీలో పెట్టుకోమన్నాను. "ఇడ్లీపాత్ర అని రాయండి బాబాయ్." ఆయన నిలువునా నీరైపోయారు. "మా తాతగారు స్వర్గంలో ఏమనుకుంటారోయ్!" ఇద్దరం బేరమాడుకుని దేనికో దానికి ఒప్పించాను. అదేమిటో రాయను.

ఏయే లీకుల్లో మన మెయిలు ఉందో చూపించే సైటు ఒకటుంది, హ్యావ్ ఐ బీన్ పోన్డ్. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013లో పెట్టాడు. మెయిలు ఐడీ కొడితే చాలు, పాస్‌వర్డు ఇవ్వక్కర్లేదు. దానికి బాబాయిగారు ససేమిరా అన్నారు. "ముక్కూ మొహం తెలీనివాడికి నా మెయిలిస్తానా?" మాల్‌లో కారు గెలుచుకోమని పెట్టిన డబ్బాలో పేరు, మెయిలు, ఫోను, పెళ్లిరోజు రాసి వేసిన చెయ్యే అది. ఎలాగో చూస్తే, అమ్మాయి సంబంధాల కోసం అప్పట్లో చేరిన ఒక వెబ్‌సైటు తగిలింది. అమ్మాయికి ఇద్దరు పిల్లలు పుట్టినా అందులో ఇంకా "తగిన వరుడు కావలెను" అనే ఉంది. వాడని ఖాతాలు మూసెయ్యాలనే సంగతి ఏ జాతకంలోనూ ఉండదు.

ఇంత హడావిడిలోనూ పిన్నిగారు కదల్లేదు. ఆవిడ పాస్‌వర్డు నాలుగు మాటల పొడుగు, ఒకదానికొకటి పొత్తులేని మాటలట. ఒక మాటలో అత్తగారున్నారని మాత్రం చెప్పారు, అందుకే ఆయనకి చెప్పరట. ఒకసారి గ్యాస్ బుకింగుకి బాబాయిగారు ఆవిడ ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగితే, "ఎవరికీ చెప్పొద్దని రాశారు. ఎవరికీ అంటే మీక్కూడా" అని ఫోను కొంగులో ముడేసుకున్నారు. ఈ కాలనీలో సైబర్ భద్రత తెలిసిన మనిషి ఆవిడొక్కరే.

ఇప్పుడు బాబాయిగారి డైరీలో "పైదే"లు పోయాయి, ప్రతి వరసలోనూ కొత్త పాస్‌వర్డు ఉంది. ఒక్కటి మాత్రం మిగిలింది. కాలనీ అసోసియేషను ఖాతా ఆయన చేతిలోనే ఉంది, దాని పాస్‌వర్డు ఇంకా పెద్దమ్మాయే. అడిగితే "అది నాది కాదుగా, అందరిదీ" అంటున్నారు. నెలనెలా మెయింటెనెన్సు కట్టేవాళ్లు ఇది చదివితే, ఈ ఆదివారం మీటింగులో టీ ఇవ్వకముందే ఆ సంగతి లేవనెత్తండి. టీ అయ్యాక ఆయన వినరు.