నడుము వంగితే గురువే!

ఈ మధ్య గురువు కావాలంటే శాస్త్రం చదవనక్కర్లేదు, తపస్సు చేయనక్కర్లేదు. కాలు మెడ వెనక్కి పోతే చాలు. వెనకాల గంగో సముద్రమో కనపడేలా తలకిందులుగా నిలబడి ఫోటో దిగితే సగం జ్ఞానోదయం అయినట్టే. మిగతా సగం ఫోటో కింద రాసే రెండు ముక్కలతో పూర్తవుతుంది: ఒళ్ళు వంగితే అహంకారం వంగుతుంది, పొట్ట కండరం గట్టిపడితే సంకల్పం గట్టిపడుతుంది! ఈ లెక్కన మన ఊళ్ళకొచ్చిన సర్కస్ కంపెనీల్లో బ్రహ్మజ్ఞానులు ఎంతమంది ఉండేవారో! టిక్కెట్టు కొని, చప్పట్లు కొట్టి వచ్చేశాం గాని కాళ్ళకు మొక్కాలని ఒక్కరికీ తోచలేదు.

ఈ ఫోటో గురువులందరూ సాక్ష్యానికి పిలిచేది పతంజలిని. ఆయన యోగసూత్రాలు 196 అని లెక్క. అందులో ఆసనానికి ఆయన కేటాయించినవి మూడే. వాటిలోనూ ఒళ్ళు మెలితిప్పమని లేదు, స్థిరంగా, హాయిగా కూర్చోమన్నాడంతే. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు యమ నియమాలున్నాయి: అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం, అక్కర్లేనిది పోగేసుకోకపోవడం లాంటివి. చిక్కేమిటంటే ఆ పోగేసుకోకపోవడం, అదే అపరిగ్రహం, ఏ కోణంలో తీసినా కెమెరాకు చిక్కదు. అందుకే మొదటి రెండు మెట్లూ దాటేసి నేరుగా మూడో మెట్టు మీద చాప పరిచారు.

ఈ అడ్డదారి ఎటు పోతుందో యోగా గురువు బిక్రమ్ చౌదరి అమెరికాలో చూపించాడు. 40 డిగ్రీల వేడిగదిలో 26 భంగిమలు వేయించి పేరూ డబ్బూ గడించాడు. పైగా ఆ వరస తన సొత్తేనని కోర్టుకెక్కాడు. దానికి కాపీరైటు చెల్లదని 2015లో అప్పీలు కోర్టు కొట్టిపారేసింది. మరుసటి ఏడాది, తన దగ్గర న్యాయ సలహాదారుగా పనిచేసిన మహిళ వేసిన లైంగిక వేధింపుల కేసులో 70 లక్షల డాలర్లకు పైగా కట్టాలని లాస్ ఏంజెలెస్ జ్యూరీ తేల్చింది. ఆయన దేశం దాటేశాడు. 2017లో అరెస్టు వారంటు వచ్చింది. ఒంట్లో వంగని కీలు లేదు గాని, తీర్పు ముందు మాత్రం తల వంగలేదు.

ఇక్కడ మనకేం తక్కువ? ఏకంగా పతంజలి పేరే పెట్టుకున్న కంపెనీ, తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో 2024లో సుప్రీంకోర్టు ముందు క్షమాపణ చెప్పుకుంది. పత్రికల్లో వేసిన ఆ క్షమాపణ, మీ ప్రకటనలంత సైజులోనే ఉందా అని కోర్టు అడగాల్సి వచ్చింది. ఇందాక చెప్పుకున్న యమాల్లో సత్యం రెండోది.

వేమన ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాడు. ఒళ్ళు బిగించి విరుచుకునే యోగం మల్లుల సాముకన్నా ఓ పిసరు తక్కువేనన్నాడు. సాములో కనీసం ఎదుటివాడొకడు ఉంటాడు, మనం గొప్పవాళ్ళం కామని వెల్లకిలా పడేసి మరీ చెబుతాడు.

పాపం, అష్టావక్రుడు ఈ రోజుల్లో పుడితే ఏమయ్యేవాడు? ఎనిమిది వంకర్లున్న ఒంటితో జనకుడి సభలో వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించాడని భారతం చెబుతుంది. ఇప్పుడైతే 200 గంటల యోగా టీచర్ ట్రైనింగ్‌లో తాడాసనం దగ్గరే ఫెయిల్ చేసి, ఫీజు వాపసు ఇవ్వబడదని చెప్పి పంపేవారు. అరుణాచలంలో రమణ మహర్షి చివరి ఏళ్ళలో కీళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడిచారు. మోకాళ్ళు చూసి జనం ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

వ్యాయామం వద్దని ఎవరన్నారు? 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేసి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు. ఒంటికి మంచిదే. కాని ఆసనమే జ్ఞానమైతే మర్నాడు పొద్దున్నకల్లా ఆ ఊరు ఋషులతో నిండిపోవాలి, ఆటోవాళ్ళు అడగకుండానే మీటరు వేయాలి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! నడుము నొప్పికి మంచి మాస్టారు దొరికితే ఫీజు కట్టండి, రశీదు తీసుకోండి, నేర్పింది శ్రద్ధగా చేయండి. పిల్ల పెళ్ళి గురించీ, పొలం అమ్మకం గురించీ, ఓటు గురించీ మాత్రం ఆయన్ని అడగకండి.