అరుగు దేశం, సాంచా దేశం

పెద్దాయన లెక్క చాలా తేలిక. చైనావాడు వారానికి 90 గంటలు పనిచేస్తాడట, అమెరికావాడు 50తో సరిపెడతాడట, ఇక అమెరికా పని అయిపోయినట్టేనట. ఒక చైనా మనిషి తనతో ఇలా అన్నాడని ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ గారు ఉద్యోగులకు చెప్పారు. ఆదివారాలు మీచేత పని చేయించలేకపోతున్నానని నొచ్చుకున్నారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారన్నారు. మిగతాది మీ వాట్సప్‌లోకి ఈపాటికి నూరుసార్లు వచ్చే ఉంటుంది.

దేశాల సంపదలో తేడాలెందుకో తేల్చినందుకు 2024 అక్టోబరులో ముగ్గురు ప్రొఫెసర్లకు నోబెల్ ఇచ్చారు. వాళ్లలో ఇద్దరు రాసిన పుస్తకం నోగాలెస్ అనే ఊరితో మొదలవుతుంది. ఊరి నడుమ కంచె. అటు అమెరికా, ఇటు మెక్సికో. జనం ఒకటే, కలిమి వేరు. పాపం అంతదూరం పోయారు గానీ, షోలాపూర్ పూర్వభాగంలో మా మేనత్త ఇంటికొస్తే ఒక్క పూటలో పని తీరిపోయేది.

ఆ ఇంట్లో రెండు దేశాలున్నాయి. ముందువైపు అరుగు దేశం. జనాభా ఒకటి, మా అత్త. ఉత్పత్తి బీడీ. వెనక గోడకానుకుని సాంచా దేశం, అంటే మరమగ్గాల కార్ఖానా. అక్కడి పౌరుడు మా మామ. ఉత్పత్తి టెర్రీ టవల్. దేశాధినేత సేటు కూడా పద్మశాలీయే, కాబట్టి దోపిడీ పరాయివాడిది కాదు. సరిహద్దు గడప. రోజుకు రెండుసార్లు టీ గ్లాసు గడప దాటుతుంది, ఖాళీ గ్లాసు తిరిగొస్తుంది. ద్వైపాక్షిక వాణిజ్యం ఇంతే. రెండు దేశాల్లోనూ జాతీయభాష తెలుగు. గల్లీ దాటితే మరాఠీ, బజారుకు పోతే కాస్త కన్నడం.

పన్నులు మాత్రం వేరు. 2025 మొదట్లో, టవల్ వెయ్యి రూపాయల లోపుది గనక దాని మీద జీఎస్టీ 5 శాతం ఉండేది. అరుగు దేశపు బీడీ మీద 28. కారుకూ అప్పుడు అదే శ్లాబు. అత్త చేటలోని తునికాకు మీద 18. అంటే మా అత్త ఒళ్లో చేట పెట్టుకుని ఒక విలాస పరిశ్రమ నడిపిందన్నమాట. (బీడీ ఒంటికి మంచిదని నేనేం అనడం లేదు. ఆ పొగాకు దుమ్ము ముందు పోయేది ఆమె ఊపిరితిత్తుల్లోకే.) వెయ్యి బీడీలకు కూలి ఓ పది పెంచమంటే చాలు, కంపెనీవాళ్లు ఆ 28నే చూపించేవాళ్లు. వంకరగా ఉన్నాయని మాల్ చూసేవాడు పక్కకు తోసిన బీడీలకు అసలు కూలే లేదు. ఆ కోత ఏ శ్లాబులోకొస్తుందో జీఎస్టీ కౌన్సిల్‌ ఇంకా చర్చించలేదు.

ఇక శ్రమ. సాంచా దేశంలో 12 గంటల షిఫ్టు, వారానికి ఆరు. మొత్తం 72. అరుగు దేశంలో షిఫ్టన్నదే లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి ఆకు కత్తిరిస్తుంది, కూర దించి పొగాకు నింపి చుడుతుంది, రాత్రి సీరియల్ చూస్తూ దారం కడుతుంది. ఛైర్మన్ గారి 90ని శనివారం పొద్దుగూకేసరికే దాటేస్తుంది. ఈ లెక్కన మా అత్త ఇంటిని ఏనాడో జీ-7లో కలుపుకోవాల్సింది. ఐఎల్‌ఓ చెప్పేదాన్ని బట్టి వారానికి అందరికన్నా ఎక్కువ గంటలు చేసేది భూటాన్ వాళ్లు. జర్మన్లు 35 కూడా చేయరు. మరి భూటాన్ ఈపాటికి జర్మనీకి అప్పులిస్తూ ఉండాలి.

మామ నిలబడేది నాడె అటూ ఇటూ కొట్టుకునే పాత సాంచా ముందు. నిమిషానికి నూటయాభై పేకలు దాటవు. గాలితో పేక విసిరే ఎయిర్‌జెట్ మగ్గం తక్కువలో తక్కువ అంతకు నాలుగింతలు వేస్తుంది. దాన్ని అందుకోవాలంటే మామ రోజుకు 48 గంటలు నిలబడాలి. ఛైర్మన్ గారి క్యాలెండర్లో కూడా అన్ని లేవనుకుంటా.

నిజానికి మా పాతవాళ్లు అచ్చంగా దేశం దాటినవాళ్లే. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు మగ్గం తిండి పెట్టని రోజుల్లో, నిజాం రాజ్యం వదిలి బ్రిటిష్ వాళ్ల బొంబాయి ప్రెసిడెన్సీలోని షోలాపూర్ చేరారు. నడుమ కరోడ్‌గిరీ నాకాలు, అసలైన సుంకం, అసలైన సరిహద్దు. ఇటు మిల్లు భోంగా మోగుతోంది, వారం వారం కూలి చేతికొస్తోంది. పొరుగు దేశం ఎందుకు బాగుందో వాళ్లకెవరూ సెమినార్ పెట్టి చెప్పలేదు, మూట నెత్తిన పెట్టుకుని నడిచారు. తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. కార్మికులు గంటలు ఎగ్గొట్టినందుకేనా?

కంపెనీల పన్ను 2019 సెప్టెంబరులో ఒక్క ఆర్డినెన్సుతో 30 నుంచి 22 శాతానికి దిగింది. తునికాకు మీది 18 మాత్రం 2017లో ఎక్కిన మెట్టు 2025 సెప్టెంబరు దాకా దిగలేదు. 2023-24లో ఛైర్మన్ గారు అందుకున్నది 51 కోట్లు. వాళ్ల కంపెనీలోనే నడిమి ఉద్యోగి జీతానికి అయిదు వందల రెట్లు పైమాటే. అయిదు వందల రెట్లు గంటలు పనిచేశారా అయ్యా తమరు? గంటలే సంపదైతే ఆ కోట్లు మా అత్త చేటలో ఉండాలి. ముప్పై ఏళ్లు సాంచాల నడుమ నిలబడ్డ మామకు చెవులు పోయాయి. ఆ చెవులకు ఎవరూ ఖరీదు కట్టలేదు, రూపాయి పరిహారం ఇవ్వలేదు. ఈ దేశానికి ఇంకా గంటలు బాకీ ఉన్నారని ఆ మనిషి వైపు చూసి చెప్పండి, చూద్దాం. అరవాలి మరి, మెల్లగా చెబితే ఆయనకు వినపడదు.

సెలవు నాడు మామ అరుగు మీదికొచ్చి అత్తకెదురుగా కూర్చుంటాడు. రెప్ప వేయకుండా ఆమె మొహమే చూస్తుంటాడు, గంటల తరబడి. ఆమె పెదాలు కదలడం కనబడితే తప్ప ఏమంటోందో ఆయనకు తెలియదు.