చిల్లకూరు నుంచి చిలుకూరు దాకా

చిల్లకూరు మండలంలో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన కుర్రాడు అమెరికా చదువుకు దరఖాస్తు పెట్టాలంటే ముందు గూడూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. సికింద్రాబాద్‌లో దిగి, చిలుకూరు బాలాజీ గుడికి పోయి పదకొండు ప్రదక్షిణలు చేయాలి. వీసా చేతికొచ్చాక మళ్లీ పోయి నూట ఎనిమిది తిరగాలి. జీఆర్‌ఈ ఆ తర్వాతి సంగతి. ఏం చదవాలన్నది విమానం ఎక్కాకైనా తేల్చుకోవచ్చు, తొందరేం లేదు.

ఈ వ్యవహారం మొత్తంలో డబ్బడగని చోటు ఆ గుడి ఒక్కటే. అక్కడ హుండీ లేదు.

మిగతావన్నీ హుండీలే. జీఆర్‌ఈకి ఇరవై వేల పైచిలుకు. ఇంగ్లిష్ వచ్చని రుజువు చేసుకోవడానికి ఇంకో పరీక్ష, దానికో రుసుము. ఒక్కో యూనివర్సిటీ దరఖాస్తుకు డెబ్బయ్యో తొంభయ్యో డాలర్లు. విదేశీ విద్యార్థుల నమోదుకు సెవిస్ పేరిట 350 డాలర్లు. వీసా ఇంటర్వ్యూకు 185 డాలర్లు. కాదు పొమ్మన్నా అవి తిరిగి రావు. ఇక బ్యాంకు ఖాతాలో సొమ్ముందని చూపించడానికి నెల రోజులు అద్దెకు తెచ్చే సొమ్ము, దానికి వడ్డీ. లేని డబ్బును ఉన్నట్టు చూపడానికి ఉన్న డబ్బు ఖర్చుపెట్టడం మన జాతి కనిపెట్టిన ప్రక్రియ. దీనికింకా ఎవరూ పేటెంటు తీసుకోలేదు.

కన్సల్టెన్సీ ఏసీ గదిలో మాటలు ఎప్పుడూ ఒకే తీరు.

"మా పిల్లోడు కెమికల్ చేసినాడు సార్. యాడ సీటొస్తాది?"

"కెమికల్ ఎందుకండీ? డేటా సైన్స్‌లో వేసేద్దాం. మార్కెట్ బాగుంది."

"మరి నాలుగేండ్లు చదివింది?"

"అది బ్యాక్‌గ్రౌండ్‌కి పనికొస్తుందండీ."

1925లో మెక్‌కేబ్, థీల్ చెప్పిన పద్ధతిలో గ్రాఫు కాగితం మీద మెట్లు గీసి, డిస్టిలేషన్ కాలమ్‌కు ఎన్ని ట్రేలు కావాలో లెక్కగట్టిన చదువు అలా ఒక్క ముక్కలో బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోతుంది. కుర్రాడు పట్టుబట్టి కెమికలే అన్నాడనుకోండి, అప్పుడు ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసం, వస్తుంది. "బాల్యం నుంచీ రసాయన శాస్త్రం నన్ను అబ్బురపరిచింది" అని మొదలవుతుంది. చిల్లకూరు వాడూ, కందుకూరు వాడూ, కరీంనగర్ వాడూ ఒకే వాక్యంలో అబ్బురపడతారు. వాళ్ల బాల్యాలన్నీ అదే కన్సల్టెన్సీలో గడిచాయి మరి.

ఈ కుర్రాడి అసలు బాల్యం చింతవరం, బల్లవోలు, మోమిడి మధ్య గడిచింది. అక్కడ ఇసుక తెల్లగా మెరుస్తుంది. అది గాజు ఫ్యాక్టరీలు కోరుకునే సిలికా. లారీలకెత్తి పంపించడమే ఇక్కడి పరిశ్రమ. తమ్మినపట్నంలో థర్మల్ ప్లాంట్లున్నాయి, వాటి బూడిద ఉంది. పక్కనే రొయ్యల చెరువులు, ఉప్పుతేలిన బోరు నీళ్లు. ఇందులో ఏ ఒక్కదాని గురించి రెండు పేరాలు సొంతంగా రాసినా చదివే ప్రొఫెసరు కుర్చీలో ముందుకు వంగుతాడు. కానీ అవి రాస్తే 'ప్రొఫైల్' దెబ్బతింటుందట!

తర్వాతి ఘట్టం సిఫారసు లేఖలు. మూడు కావాలి. "నువ్వే రాసుకురా బాబూ, సంతకం పెడతాను" అంటారు సారు. ఇరవయ్యేళ్ల బోధనలో ఇంతటి ప్రతిభావంతుణ్ణి చూడలేదని కుర్రాడు తన గురించి తనే రాసుకుంటాడు. అదే ఏడాది ఆ సారు అంతటి ప్రతిభావంతుల్ని నలభై మందిని చూడలేదు. మూడో లేఖ ప్రాజెక్టు గైడుది. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నది కాబట్టి గైడు పేరు రసీదు మీద చూసుకోవాలి.

ఇంత హడావుడిలో ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పరు. అమెరికా కెమికల్ ఇంజనీరింగ్ విభాగాల్లో పీహెచ్‌డీకి సాధారణంగా విద్యార్థి ఫీజు కట్టడు. ట్యూషన్ మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బీటెక్‌తోనే నేరుగా దరఖాస్తు పెట్టవచ్చు. చాలాచోట్ల జీఆర్‌ఈ అడగడం మానేశారు. నిజమే, 2025లో పరిశోధన నిధుల కోతతో ఆ సీట్లు తగ్గాయి, పోటీ పెరిగింది. అయినా దరఖాస్తుకయ్యే ఖర్చు ఎకరం పొలం కాదు. ఫీజు మొత్తం చేతినుంచి పెట్టుకోవాల్సింది ఎక్కువగా ఎంఎస్‌కే. మరి కన్సల్టెన్సీ బోర్డు మీద ఎంఎస్ అన్న రెండక్షరాలే ఎందుకు వెలుగుతాయి? ఫీజు కట్టే విద్యార్థిని చేర్పిస్తే కమిషన్ ముడుతుంది. జీతం తీసుకునే విద్యార్థిని చేర్పిస్తే ముట్టేది థాంక్యూ.

కెమికల్ ఇంజనీరింగ్ మొదటి పాఠం మాస్ బ్యాలెన్స్. లోపలికి పోయింది, బయటికొచ్చింది, మధ్యలో పోగుపడింది, ఈ మూడూ లెక్క తేలాలి. నాలుగేళ్లు ఆ లెక్క చేసిన కుర్రాడు తన దరఖాస్తు మీద ఒక్కసారి చేసి చూడడు. లోపలికి: నాన్న పొలం, అమ్మ గొలుసు, బ్యాంకు అప్పు. బయటికి: ఐ-20 అనే ఒక ప్రవేశ పత్రం. పోగుపడింది ఎక్కడో తెలుసుకోవాలంటే కన్సల్టెన్సీ కొత్త బ్రాంచి ప్రారంభోత్సవానికి వెళ్లాలి.

ఈ వ్యాపారం ముదిరితే ఏమవుతుందో చూశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి, మన పిల్లల కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలాయి. 2019 జనవరిలో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు రట్టయింది. దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. దళారులకు మాత్రం ఆ కొరత కనిపించలేదు. ఫీజు కౌంటరు ఉంది కదా!

పోనీ దేశభక్తి పొంగి ఇక్కడే చదువుకుందామనుకున్నాడనుకోండి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. పదేళ్ల కింద ఖరారైన అంకె. నూనె, పప్పు, గ్యాసు ఆ సంగతి తెలియక పెరుగుతూ పోయాయి.

కెమికల్ ఇంజనీర్లతో మనకు పనిలేదా అంటే, 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి, విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు పైభాగంలో వేడి కొలిచే ఏర్పాటే లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో పేలుడుకు 17 మంది బలయ్యారు. 2025 జనవరి 8న చిల్లకూరు, కోట మండలాల్లో రానున్న పారిశ్రామిక నగరం క్రిస్ సిటీకి ప్రధాని శంకుస్థాపన చేశారు. రేపు అక్కడ ఫ్యాక్టరీలొస్తాయి. వాటి వాల్వులు ఎవరు చూస్తారు? చూడగలిగినవాడు మిషిగన్‌లో డేటా సైన్స్ అసైన్‌మెంట్ చేస్తుంటాడు.

కల్లం అంజిరెడ్డి కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసింది పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో. 1984లో ఆయన డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. ఆయనకు డేటా సైన్స్ సలహా ఇచ్చేవాళ్లు ఆ రోజుల్లో లేకపోవడం మన అదృష్టం.

అమెరికా పోవద్దనడం లేదు. పోండి, బాగా చదవండి. ఆ ఏసీ కుర్చీలో కూర్చునే ముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "మా వాణ్ణి చేర్పిస్తే యూనివర్సిటీ మీకెంత ఇస్తుంది?" జవాబు చెబితే లేచి రండి. చెప్పకపోతే ఇంకా వేగంగా లేచి రండి.