కాగితం ఇంటికి పంపండి: ‘ఉచిత అండమాన్’ ఫోన్లు చేసేవారికి బహిరంగ లేఖ

హుస్సేనీ ఆలం,
హైదరాబాద్ పాతబస్తీ.

అయ్యా,

‘కంగ్రాట్స్ సార్, లక్కీ డ్రాలో మీ నంబరు వచ్చింది. అండమాన్‌లో మూడు రాత్రులు, నాలుగు పగళ్లు ఉచితం. మీరూ మేడమూ కలిసి వచ్చి వోచర్ తీసుకెళ్లండి చాలు.’ ఈ మాట వినని ఇల్లు మా గల్లీలో లేదు. పెట్రోలు బంకు దగ్గర, బట్టల షాపులో, మాల్ గుమ్మం ముందు మీరు పెట్టే అట్టపెట్టెల్లో మావాళ్లు చీటీలు వేస్తారు. పేరు, ఫోన్ నంబరు, పెళ్లయిందా, నెలకు ఎంత వస్తుంది, అన్నీ ఆ చీటీలోనే. డ్రా ఎప్పుడు తీశారు, ఎవరి ఎదుట తీశారు, ఎంతమంది గెలిచారు అని అడిగితే మాత్రం ఫోన్ కట్ అవుతుంది.

ఈ లేఖలో మీ కంపెనీ పేరు రాయడం లేదు. మీరు ఒక్కరు కాదు గనక. బోర్డు మారుతుంది, హోటల్ హాలు మారుతుంది, పద్ధతి మాత్రం అదే. నా కోపం ఆ పద్ధతి మీద.

మా పక్కింట్లో ఒక భాయ్, భాభీ ఉంటారు. ఆయన లాడ్ బజార్ గాజులకు రాళ్లు అతుకుతాడు. నిప్పుల సెగకు మెత్తబడిన లక్కను గాజు చుట్టూ పరిచి, అది గట్టిపడేలోగా చిమటాతో ఒక్కో రాయినీ తీసి వరుసలో దిగేస్తాడు. చెయ్యి కాస్త వణికితే వరుసంతా పోతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, పూటంతా వంగి కూర్చునేవాడి కూలీ పెద్దగా మారలేదు. భాభీ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. గల్లీ ఆడవాళ్లు వేసుకున్న చిట్టీ మొన్న ఆమెకు వచ్చింది. పిల్లలిద్దరూ సముద్రం చూడలేదు. తొమ్మిదో తరగతి చదివే కూతురు సెల్యులర్ జైలు చూడాలని ఎప్పటినుంచో అడుగుతోంది. సరిగ్గా ఆ వారంలోనే మీ ఫోన్ వచ్చింది.

హాల్లో వాళ్లను మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కూర్చోబెట్టారు. పాటలు హోరెత్తుతున్నాయి. బల్లకొక జంట. ఎవరైనా సంతకం పెట్టగానే గంట కొట్టి చప్పట్లు. ‘ఇంటికెళ్లి ఆలోచించుకుని రేపు చెప్తాం’ అన్నాడు భాయ్. ‘జీవితకాల సభ్యత్వం ఈ రేటుకు ఈ రోజే’ అన్నారు మీరు. పెద్ద మేనేజరు వచ్చి కొంత తగ్గించాడు. ఆయన పైవాడు వచ్చి ఇంకొంత తగ్గించాడు. పిల్లలు ఆకలితో గునుస్తున్నారు. చివరికి చిట్టీ డబ్బు మొత్తం కార్డు మీద మీ ఖాతాలోకి వెళ్లింది. వాళ్ల చేతికి ఒక ఫైలు వచ్చింది.

ఆ ఫైలు తెచ్చి నన్ను చదివి చెప్పమన్నారు. చదివాను. ఉచితం అన్న మాట మొదటి పేజీలోనే ఉంది. విమానం టికెట్లు సభ్యుడే కొనుక్కోవాలని, భోజనం, పన్నులు, దీవుల మధ్య ఓడ చార్జీలు ఇందులో రావని, గది కోసం చాలా ముందుగా మూడు తేదీలు రాసి పంపాలని, వాటిలో ఏదీ దొరక్కపోతే కంపెనీ బాధ్యత లేదని, కట్టిన డబ్బు వాపసు ఉండదని లోపలి పేజీల్లో సన్నటి అక్షరాల్లో ఉంది. వోచరు చెల్లని రోజుల పట్టిక కూడా ఉంది. వేసవి సెలవులు, దసరా, దీపావళి, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, ప్రతి లాంగ్ వీకెండూ అందులో ఉన్నాయి.

నాకు కడుపు మండింది ఆ పట్టిక చూశాకే. అండమాన్ వెళ్లాలంటే ముందు సముద్రం క్యాలెండర్ చూడాలి. నైరుతి రుతుపవనాలు కేరళను తాకకముందే ఆ దీవులను తాకుతాయి. మామూలుగా మే మూడో వారం దాటాక అక్కడ వానలు మొదలై సెప్టెంబరు దాకా కురుస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో తుపాన్లు. సముద్రం నెమ్మదించి నీళ్లు తేటపడేది ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇక బడి క్యాలెండర్ చూడండి. తెలంగాణలో వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి. అంటే బడికెళ్లే పిల్లలున్న కుటుంబానికి దొరికే మంచి సమయం ఏప్రిల్ చివరి వారం నుంచి మే నడిమి దాకా. మహా అయితే మూడు వారాలు. మీ వోచరు సరిగ్గా ఆ మూడు వారాలకే తలుపు మూసింది. తెరిచి ఉంచిందల్లా ఓడలు రద్దయ్యే వానాకాలం, పిల్లలకు పరీక్షలుండే రోజులు. ఇది పొరపాటున జరిగేది కాదు. వోచరు వాడుకునేవాళ్లు ఎంత తక్కువైతే మీకు అంత లాభం.

ఈ లెక్క మీ హాల్లో ఒక్కరైనా చెప్పారా? చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ దీవుల రాజధానికి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు రెండున్నర గంటల ప్రయాణం. మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. భారతీయులు అక్కడికి గానీ, హావ్‌లాక్, నీల్ దీవులకు గానీ వెళ్లడానికి ప్రవేశ అనుమతి అక్కర్లేదు. 2018 డిసెంబరు నుంచి ఆ దీవుల పేర్లు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. నికోబార్‌కు మాత్రం ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి అండమాన్‌లో అడుగుపెట్టడానికి ‘పర్మిట్ చార్జీ’ అని ఎవరైనా అడిగితే ఆ డబ్బు ఎటు పోతుందో అర్థం చేసుకోవచ్చు.

దీవుల మధ్య ప్రభుత్వ ఓడలూ ఉన్నాయి, వేగంగా వెళ్లే ప్రైవేటు ఓడలూ ఉన్నాయి. గాలి పెరిగితే రెండూ ఆగిపోతాయి. అందుకే తిరుగు విమానానికి ముందు రోజే రాజధానికి వచ్చేయాలి. పొద్దున హావ్‌లాక్‌లో ఓడ ఎక్కి ఆ మధ్యాహ్నమే విమానం పట్టుకునేలా ప్లాన్ వేస్తే, ఓడ ఆగిన రోజున టికెట్ డబ్బంతా గంగలో కలిసినట్టే. సెల్యులర్ జైలు ఏ రోజు మూసి ఉంటుందో ముందే కనుక్కోవాలి. మన గడియారమే వాడే ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నాయి గనక చలికాలంలో అయిదు దాటగానే పొద్దుగూకుతుంది. ‘సాయంత్రం ఆరింటికి బీచ్’ అని రాసిన ప్లాన్ చీకట్లో తిరిగే ప్లాన్. మీ రంగుల పుస్తకంలో నాలుగు పగళ్లలో అన్ని దీవులూ ఉన్నాయి. ఈ విషయాల్లో ఒక్కటీ లేదు.

‘ఆదివాసులను కూడా చూపిస్తాం’ అని మీవాళ్లు అన్నారని భాభీ చెప్పింది. దయచేసి ఆ మాట ఇంకెవరితోనూ అనకండి. బారాటాంగ్ దీవికి వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. నిర్ణీత వేళల్లో బండ్లన్నీ కాన్వాయ్‌గా కదులుతాయి. మధ్యలో ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. అది వాళ్ల ఇల్లు. చట్టం పేరు చెప్పి టూరిస్టును కాపాడాల్సిన మీరు, చట్టం తప్పించే ఆశ చూపించి సరుకు అమ్ముతున్నారు.

అండమాన్ మా పాతబస్తీకి పోస్టరు మీది నీలిరంగు నీళ్లు మాత్రమే కాదు. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి కదిలినవాళ్లకు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. మౌల్వీ మాట మోగింది మక్కా మసీదులో. హుస్సేనీ ఆలం నుంచి నడిచి వెళ్లేంత దూరం. పట్టుబడ్డాక 1859లో ఆయన్ను అండమాన్‌కు పంపేశారు. ఆయన మళ్లీ ఈ ఊరు చూడలేదు. అప్పటికి సెల్యులర్ జైలు లేనే లేదు. 1858లో మొదలైన ఖైదీల స్థావరం మాత్రమే ఉంది. జైలు కట్టింది 1896 నుంచి 1906 దాకా. అప్పటి ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం మల్లుదొర కూడా శిక్ష పడి అండమాన్ వెళ్లారు. తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. భాభీ కూతురు చూడాలనుకుంది ఈ చరిత్రను. మక్కా మసీదు దగ్గర పుట్టిన పిల్లకు ఆ కోరిక ఉండడం నాకెంత గర్వంగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

అక్కడ మనవాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అందులో ఎన్నో. రేవులో, మార్కెట్‌లో, ఆటోలో తెలుగు వినిపించే చోట మా భాయ్, భాభీ ఎవరినైనా అడిగి తెలుసుకోగలరు. అలాంటి చోటికి వెళ్లడానికి జీవితకాల సభ్యత్వం కొనక్కర్లేదు. కావాల్సింది నెలలు ముందుగా కొన్న టికెట్, రెండు మూడు గదుల ధరలు పోల్చుకునే తీరిక, ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకునే లెక్క.

మీరు లాక్కున్నది ఆ తీరికనే. డబ్బు పోయిందన్న బాధ ఎలాగూ ఉంది. అంతకన్నా నన్ను బాధ పెట్టేది ఇంకొకటి. మాలాంటి ఇళ్లలో ప్రయాణం అనేది చాలాకాలం నడిచే మాట. ఎవరు రావాలి, అమ్మమ్మ నడవగలదా, మొహర్రం ఎప్పుడు, బోనాలు ఎప్పుడు, బంగారం తాకట్టు పెట్టకుండా అవుతుందా అని కబూతర్ ఖానా దగ్గర చాయ్ తాగుతూ, గుమ్మంలో బియ్యం ఏరుతూ మాట్లాడుకుంటారు. సగం ఆనందం ఆ మాటల్లోనే ఉంది. తప్పులు దొరికేదీ అక్కడే. ఒకరికి తట్టనిది ఇంకొకరు అడుగుతారు. భార్యాభర్తలను ఆ పెద్దల నుంచి, ఇరుగుపొరుగు నుంచి విడదీసి, పాటల హోరులో కూర్చోబెట్టి, ఈ రోజే తేల్చమనడం మీ వ్యాపారానికి ప్రాణం. అడిగేవాళ్లు చుట్టూ ఉంటే మీ కాగితం ఒక్క గంట కూడా నిలబడదు.

ఫోన్ చేసే పిల్లల మీద నాకు కోపం లేదు. డిగ్రీ చేసి, వేరే కొలువు దొరక్క, కమీషన్ కోసం రోజుకు వందల నంబర్లు తిప్పేవాళ్లలో మా బస్తీ పిల్లలూ ఉన్నారు. వాళ్లతో అబద్ధం చెప్పించేది మీరు. తిట్లు తినేది వాళ్లు.

చట్టం ఏమంటుందో మీకు తెలుసు. మా గల్లీకీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, ధరలో కలిపేసినదాన్ని ఉచితమని చెప్పడం, అమ్మకం పెంచుకోవడానికి లాటరీ పెట్టడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద అన్యాయ వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. సొమ్ము 5 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవారు తాము ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. ప్రచారం కాల్స్ వద్దనుకుంటే 1909లో నమోదు చేసుకోవచ్చు. భాయ్, భాభీ ఫిర్యాదు రాశారు. రాతపనిలో నేను వాళ్లకు తోడున్నాను.

మీరు వ్యాపారం మూసేయాలని నేను అడగడం లేదు. నిజాయితీగా ప్రయాణాలు కుదిర్చి పెట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఉమ్రాకు, అజ్మీర్‌కు, తిరుపతికి జనాన్ని తీసుకెళ్లి క్షేమంగా తీసుకొచ్చి, మరుసటి ఏడు మళ్లీ అదే గడపకు మర్యాదగా వచ్చేవాళ్లు. మీరూ అలా బతకవచ్చు. అడిగేది మూడే. ఫోన్ చేయగానే కంపెనీ పేరు, చిరునామా, మీరు అమ్మేది సభ్యత్వమని, దాని ధర ఎంత అని చెప్పండి. వోచరు చెల్లని రోజుల పట్టికను మొదటి పేజీలో, ఉచితం అన్న మాట ఉన్నంత పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో అచ్చువేయండి. సంతకానికి ముందు ఆ కాగితాన్ని ఒక రాత్రి మా ఇళ్లకు పంపండి. పిల్లలు చదువుతారు, పెద్దలు అడుగుతారు, పొద్దున మేమే వచ్చి జవాబు చెప్తాం.

ఒక్క రాత్రి గడువు ఇవ్వలేని వ్యాపారం మా గడప తొక్కక్కర్లేదు.

ఇట్లు,
హుస్సేనీ ఆలం నివాసి