గోడవారన నిలబెట్టే ట్రైనింగు

మా రోజుల్లో నాచారం పారిశ్రామికవాడలో పనికి చేరిన కుర్రాడికి మొదట దక్కేది లేత్ మిషను కాదు, ఆకురాయి. బెంచి వైస్‌లో ఇనుప ముక్క బిగించి, నాలుగు పక్కలూ సమంగా రుద్దమని చెప్పి ఉస్తాద్ వెళ్లిపోయేవాడు. సాయంత్రం మూలమట్టం చూసే గునియా ఆనించి, వెలుతురుకెదురుగా పట్టి చూసేవాడు. సందులో వెలుగు కనబడిందా, మళ్లీ మొదలు. చేతులు బొబ్బలెక్కేవి. కానీ ఎత్తెక్కడుందో వేళ్లకే తెలిసిపోయేది. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికైతే ఒప్పంద పత్రం, స్టైపెండు, చివర పరీక్ష కూడా ఉండేవి.

ఇప్పుడు ఉప్పల్, నాచారం షెడ్లకు ఇంటర్ ఒకేషనల్ పిల్లలు ఓజేటీ (పనిచోటే శిక్షణ) అంటూ వస్తున్నారు. సర్కారు బళ్లలో తొమ్మిది, పది చదివేవాళ్లకూ సమగ్ర శిక్ష కింద ఒకేషనల్ పాఠాలున్నాయి. 2020 జాతీయ విద్యా విధానమైతే ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గరికి పంపమంది. మంచిదే. తీరా షెడ్డులో పిల్లలు గోడవారన నిలబడతారు. ఒకడు చాయ్ తెస్తాడు, ఒకడు ఊడుస్తాడు. నేను చూసిన ఒక షెడ్డులో రికార్డు బుక్కులోని సంతకాలన్నీ ఒకే పూటలో పడ్డాయి. నాకు కడుపు మండింది.

పాత రోజులన్నీ బంగారమనను. చెంపదెబ్బలు ఉండేవి, కళ్లకు అద్దాలు ఉండేవి కావు. 18 ఏళ్లలోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టొద్దని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెబుతోంది. అక్షరాలా పాటించాల్సిందే. లేత్‌లో తిరిగే చక్ దగ్గరికి పంపకండి సరే, కొలతలు తీసే వెర్నియర్ చేతికివ్వడానికి ఏమడ్డం? తయారైన బుష్‌లు ముందుపెట్టి, డ్రాయింగు చూపి, ఏది పాసో ఏది రిజెక్టో తేల్చమనండి. రిజెక్టయినదాన్ని ఆ మిషను మనిషి దగ్గరికే తీసుకెళ్లి, ఎందుకలా వచ్చిందో అడగమనండి. టూలు అరిగిందా? బిగింపు వదులైందా? కొలత తప్పు చదివాడా? జవాబు పిల్లవాడే తన మాటల్లో రికార్డులో రాయాలి, బడి సార్ వచ్చి అది చదివి ప్రశ్నలు వేయాలి.

ఉస్తాద్‌ను తప్పుపట్టలేను. పీసుకింత అని కూలి తీసుకునేవాడు పాఠం చెబుతూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లల్ని తీసుకున్న షెడ్డు యజమానులు రోజుకో గంట అతని టార్గెట్ తగ్గించి, ఆ గంట కూలి తామే కట్టాలి.